తంబూరా వినపడితేనే పాసు

చంద్రకాంతమ్మది చిత్తూరు. వాళ్ళ నాయన సంతపేటలో కాఫీ గింజలు వేపి అమ్మేవాడు. గింజ ఏ రంగుకు తిరిగితే పెనం దించాలో ఆమెకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. ఆదిమూలాన్ని పెళ్ళి చేసుకుని తిరుపతి వచ్చాక, తీర్థకట్ట వీధిలో ఇంటి ముందుగదినే అంగడి చేసి ఆ పనే మొదలుపెట్టింది. ఆదిమూలం ముందు కూర్చుని తూకం వేసేవాడు, వచ్చిన వాళ్ళతో లోకాభిరామాయణం నడిపేవాడు. వేపడం, పొడి ఆడించడం ఆమె వంతు.

మొదట్లో గోడకు బిగించిన చేతిమర ఉండేది. దాని పిడి తిప్పీ తిప్పీ ఆమె కుడిభుజం పట్టేసేది. జడ వేసుకోవడానికి చెయ్యి పైకి లేచేది కాదు. యుద్ధం అయిపోయిన ఏడాది ఆదిమూలం మద్రాసు నుంచి ఒక పాత కరెంటు మోటారు పట్టుకొచ్చి, పెద్ద మర ఒకటి కొని, రెండింటికీ బెల్టు తగిలించాడు. మీట వేస్తే చాలు, గింజలు పొడైపోతాయి. చంద్రకాంతమ్మ ఆ మోటారుకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, తమ్ముడని పేరు పెట్టింది. తెల్లారగానే "మా తమ్ముడు లేచినాడా?" అని అడుగుతూ అంగడిలోకి వచ్చేది.

వాళ్ళ పక్కిల్లు సుదర్శనంది. రెండిళ్ళకూ మధ్య ఒకటే గోడ. ఆయన దేవస్థానం ఆఫీసులో గుమాస్తా. నామం దిద్దుకోనిదే వీధిలోకి అడుగుపెట్టడు, రేడియోలో కచేరీ విననిదే రాత్రి భోజనానికి కూర్చోడు. ఆ వీధికంతా రేడియో అదొక్కటే. ఆయన చెల్లెలు కుముదవల్లి మంచి పాటగత్తె. చిన్నప్పటి నుంచి సంగీతం నేర్చుకుంది. మద్రాసు రేడియో స్టేషను వాళ్ళు ఆ అమ్మాయికి ఒక సాయంత్రం పావుగంట పాట పాడే అవకాశం ఇచ్చారని తెలిసినప్పుడు వీధి వీధంతా తమ పిల్లే పాడుతున్నంత సంబరపడింది.

ఆ రోజు కుముదవల్లి మద్రాసులో ఉంది. ఇక్కడ సుదర్శనం ఇంటి పంచ, మెట్లు, కిటికీ కింద, అంతా జనమే. ఆయన భార్య కోమలవల్లి వచ్చిన వాళ్ళకు చాపలు పరిచి పరిచి అలిసిపోయింది. ఇంతమంది వస్తే కాఫీ ఇవ్వకుండా ఎట్లా? ఆమె ఒక్కతే కాదు, చుట్టాలు దిగిన ప్రతి ఇంటివాళ్ళూ ఆ సాయంత్రం కాఫీపొడికి చంద్రకాంతమ్మ అంగడికే పరుగెత్తారు. ఆమెకు పాట వినాలని ఎంత ఆశ ఉన్నా కదలడానికి వీలు లేకపోయింది. వేపిన గింజలు పోస్తూనే ఉంది, తమ్ముడు తిరుగుతూనే ఉన్నాడు.

అవతల రేడియోలో సన్నని గొరగొర మధ్యనే కుముదవల్లి పేరు చెప్పారు. జనం చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత ఆ గొరగొరే పెరిగి ఒకటే రొద. పాట దాని కింద ఎక్కడో నలిగిపోయింది. సుదర్శనం ఆ బిరడా తిప్పాడు, ఈ బిరడా తిప్పాడు, పెట్టె నెత్తిన అరచేత్తో కొట్టాడు. ఏం లాభం లేకపోయింది. పావుగంట అయ్యాక రొద దానంతట అదే తగ్గింది. అప్పుడు "ఇంతవరకు మీరు విన్నది" అంటూ ఆ అమ్మాయి పేరు మళ్ళీ చెప్పడం మాత్రం గంట కొట్టినట్టు వినపడింది.

మరునాడు రైలు దిగి వచ్చిన చెల్లెలితో సుదర్శనం "అద్భుతంగా ఉందమ్మా" అన్నాడు. మిగతా వాళ్ళు కూడా తలలు ఊపారు.

కానీ ఆ రొద ఏమిటన్న అనుమానం ఆయన మనసులోంచి పోలేదు. అంతకుముందు అప్పుడప్పుడు వచ్చే గొరగొరను మద్రాసు దూరం వల్ల అనుకునేవాడు. ఇప్పుడు రోజూ చెవి ఒగ్గి విన్నాడు. ఒక శుక్రవారం చంద్రకాంతమ్మ దంపతులు కాణిపాకం వెళ్ళి అంగడి మూశారు. ఆ పూట కచేరీ తేనెలా వచ్చింది. శనివారం మర తిరిగింది, రేడియో గొరగొరలాడింది. ఆయన పైకండువా సర్దుకుని నేరుగా అంగడికి వచ్చాడు.

"చంద్రకాంతమ్మా, నా రేడియోను పాడుచేస్తున్నది నీ మరే."

ఆమె చేతిలో జల్లెడ ఆగిపోయింది. "నా మరా? మధ్యలో గోడ ఉండాది గదా సామీ. నా మర గోడ దూరి మీ పెట్టెలోకి ఎట్లా పోతుంది?"

"ఎట్లా పోతుందో నాకూ తెలియదు. పోతూ ఉంది."

"సప్పుడంటే సప్పుడే గదా. మీ ఇంట్లో కూర్చుంటే నా మర సప్పుడు వినపడేది నిజమే. దాన్ని రేడియో రొద అనుకుంటా ఉండారేమో."

మాట పెరిగేలా ఉంటే ఆదిమూలం అడ్డం వచ్చాడు. "వాదనెందుకు? సూస్తే పోలా?"

అట్లా మొదటి పరీక్ష జరిగింది. చంద్రకాంతమ్మ పోయి సుదర్శనం ఇంటి హాల్లో రేడియోకు ఎదురుగా కూర్చుంది. కోమలవల్లి గడపలో నిలబడింది. ఆమె తువ్వాలు ఊపితే అంగడిలో ఆదిమూలం మీట వేయాలి, మళ్ళీ ఊపితే ఆపాలి. తువ్వాలు ఊగింది, రేడియో గొరగొరలాడింది. మళ్ళీ ఊగింది, పాట తేటపడింది. చంద్రకాంతమ్మకు నమ్మకం కలగలేదు. లేచి వెళ్ళి మొగుడి చెవిలో చెప్పింది. "ఈసారి తువ్వాలు ఊపినా నువ్వు మీట వెయ్యబాక. ఊపనప్పుడు ఎయ్యి."

తిరిగొచ్చి కూర్చుంది. తువ్వాలు ఊగింది. రేడియో చక్కగా పాడుతూనే ఉంది. సుదర్శనం తెల్లబోయి చూశాడు. కాసేపటికి, ఎవరూ ఏమీ ఊపకుండానే, పెట్టెలోంచి రొద బద్దలైంది. 

"మా తమ్ముడే సామీ," అంది చంద్రకాంతమ్మ.

ఆ పూట ఆమెకు అన్నం సయించలేదు. పాట కోసం జనం వచ్చారు, జనం కోసం కాఫీ కావలసి వచ్చింది, కాఫీ కోసం మర తిరిగింది, మర వల్ల పాట పోయింది. ఎవరి తప్పు అనాలో కూడా తెలియలేదు. పొద్దున కుముదవల్లి పొడికి రాగానే దాచకుండా చెప్పేసింది.

"నీ పాటను చెడగొట్టింది నేనేనంట పాపా. తెలిసి చేసింది గాదు."

కుముదవల్లికి అప్పటిదాకా అన్న చెప్పిన మాటే తెలుసు. ఆ అమ్మాయి ముఖం చిన్నబోయింది. "ఒక్క ముక్క కూడా వినపడలేదా అక్కా?"

"చివర్లో నీ పేరు సెప్పింది మాత్రం బాగా వినపడిందంట."

కుముదవల్లి ఏడుస్తుందనుకుంది. ఆ అమ్మాయికి ముందు నవ్వొచ్చింది, తర్వాత కళ్ళు తుడుచుకుంది.

ఆ రోజు నుంచి చంద్రకాంతమ్మ సాయంత్రమైతే మోటారు ఆపేసి, అటక మీది నుంచి పాత చేతిమర దించి తిప్పడం మొదలుపెట్టింది. సుదర్శనం అట్లా చెయ్యమని అడగలేదు, చేస్తుంటే వద్దనీ అనలేదు. గిరాకీ వాళ్ళు నిలబడి నిలబడి విసుక్కునేవాళ్ళు. భుజం మళ్ళీ పట్టేసింది. ఒక సాయంత్రం కుముదవల్లి వచ్చి, ఆమె ఎడమచేత్తో కుడిభుజం పట్టుకుని మర తిప్పుతుండటం చూసి, గడపలోనే ఆగిపోయింది.

"ఇదేం పని అక్కా? మా ఇంట్లో కచేరీ వినడానికి మీరిక్కడ చెయ్యి విరగ్గొట్టుకుంటారా? నాకు బాగా లేదు."

"మరి ఏం సెయ్యమంటావు?"

ఆదిమూలం తక్కెడ పక్కన పెట్టాడు. బస్సుల షెడ్డులో ప్రేమానందం అని ఒకడున్నాడని, యుద్ధంలో మిలిటరీ జీపుల రేడియో రొద తగ్గించే పనేదో చేసి వచ్చానని అతనే ఎప్పుడో కాఫీ తాగుతూ చెప్పాడని ఆయనకు అప్పుడు గుర్తొచ్చింది.

ప్రేమానందానిది వడమాలపేట పక్క పల్లె. క్రైస్తవుల బిడ్డ, సన్నగా పొడుగ్గా ఉంటాడు, మాట్లాడేటప్పుడు రెంచీ చేతిలో లేకపోతే తోచదు. కొండకు పోయే బస్సులు బాగుచేసే షెడ్డులో పని. ఆదివారం చర్చి నుంచి అటే వచ్చి, ఇస్త్రీ చొక్కా చేతులు పైకి మడిచి, మోటారు మూత విప్పి, కుముదవల్లి కూడా వచ్చి చూస్తుంటే, మీట వేయమన్నాడు. లోపల తిరిగే రాగిచట్రాన్ని బొగ్గుముక్కలు తాకే చోట నీలంగా నిప్పురవ్వలు ఎగిశాయి.

"అదో, సూడక్కా. ప్రతి రవ్వా ఒక చిన్న రేడియో స్టేషను. మద్రాసు వాళ్ళు దూరంగా ఉండి పాడతారు, ఇది పక్కనే ఉండి అరుస్తాది. ఇంక పాట యాడ వినపడుతుంది?"

"రవ్వ రాకుండా చెయ్యి మరి."

"అది కాదు. రవ్వ రాకుంటే మోటారు తిరగదు. దాని అరుపు తీగలెంబడి బయటికి పోకుండా ఆపొచ్చు. కండెన్సరని చిన్న డబ్బా ఉంటాది. దాన్ని ఈడ వేస్తే అరుపు ఈడనే అణిగిపోతాది."

మిలిటరీలో పద్ధతి ఎట్లా ఉండేదో కూడా చెప్పాడు. వైర్‌లెస్ పెట్టె ఉన్న జీపు దగ్గరకు ప్రతి బండినీ తెచ్చి ఇంజను వేసి వింటారు. రొద వస్తే ఆ బండి ఫెయిలు, బయటికి వదలరు.

"ఎంత రొద దాకా ఒప్పుకుంటారు?" అని అడిగింది చంద్రకాంతమ్మ.

"మాట అర్థమైతే చాలు, పాసు."

ఆమె కుముదవల్లి వైపు తిరిగింది. "నీకెంత వినపడాల పాపా?"

కుముదవల్లి కాస్త ఆలోచించింది. "వెనకాల తంబూరా వినపడాలక్కా. అది వినపడితే ఇంక అన్నీ వినపడినట్టే."

"విన్నావా అప్పా?" అంది చంద్రకాంతమ్మ. "మీ దొరల లెక్క నాకొద్దు. తంబూరా వినపడితేనే పాసు."

ప్రేమానందం ఎక్కడెక్కడో తిరిగి, మిలిటరీ పాతసామాన్ల నుంచి కండెన్సర్లు సంపాదించుకొచ్చి బిగించాడు. గొరగొర బాగా తగ్గింది. అందరూ సంతోషపడ్డారు. మరుసటి ఉదయం ఒక ముసలాయన పొడి కోసం వచ్చి మర గొట్టం మీద చెయ్యి ఆనించి, "అబ్బా!" అని చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. చీమ కుట్టినట్టయిందట. తర్వాత ఇంకొకరికి, మళ్ళీ ఇంకొకరికి. ఆదిమూలం ఇదే అదనుగా, "మా కాఫీ తాగబల్లేదు, ముట్టుకున్నా నిద్ర వదులుతాది," అని హాస్యాలాడుతున్నాడు.

చంద్రకాంతమ్మ నవ్వలేదు. మీట ఆపేసి, మర ముందు గోనెపట్టా అడ్డం కట్టి, ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. "రేడియో కోసం మనుషులకు షాకు కొట్టిస్తామా? పిలిపించు ఆ ప్రేమానందాన్ని."

అతను వచ్చి విని, నెత్తి కొట్టుకున్నాడు. "తప్పు నాదే అక్కా. జీపులో ఉండేది బ్యాటరీ. దాంతో చేసే అలవాటులో ఇది ఇంటి కరెంటు అనే మాటే మరిసిపోయినాను. కండెన్సరులో నుంచి కొంచెం కరెంటు మర ఒంటికి దిగుతా ఉండాది. అది భూమిలోకి పోయే దారి చెయ్యల్ల."

పెరట్లో గొయ్యి తవ్వారు. ఇనుప గొట్టం దించి, చుట్టూ బొగ్గులు, కల్లుప్పు పోసి పూడ్చారు. గొట్టం నుంచి మర దాకా లావుపాటి రాగితీగ లాగారు. ప్రేమానందం తన అరచెయ్యే ముందుగా మర మీద ఆనించి చూపించాడు. ఏమీ లేదు. దాంతో రొద ఇంకా తగ్గింది. ఎండలకు మట్టి ఎండిపోతే పని చేయదన్నాడు కాబట్టి, తులసికి పోసినట్టే ఆ గొట్టానికీ రోజూ చెంబుడు నీళ్ళు పోయడం చంద్రకాంతమ్మకు అలవాటైంది.

ఇంత చేసినా రేడియోలో సన్నని సొద ఒకటి మిగిలింది. ప్రేమానందం సుదర్శనం మిద్దె ఎక్కి చూసి దిగాడు. రేడియో ఏరియలు తీగ కరెంటు తీగల పక్కనే, వాటిని రాసుకుంటూ పోతోందని, దాన్ని అవతలి వైపుకు, ఇంకా ఎత్తుకు మార్చాలని చెప్పాడు.

సుదర్శనానికి నచ్చలేదు. "రొద ఆమె మరది. నా మిద్దె మీద పని ఎందుకు?"

"అరిసేవాళ్ళు గొంతు తగ్గించుకున్నారు సామీ. వినేవాళ్ళు కూడా కొంచెం పక్కకు జరగల్ల."

కోమలవల్లి వంటింట్లోంచే అంది. "పాడేది మన పిల్ల. ఏరియలూ మనదే. జరిపితే అరిగిపోతుందా?"

ఏరియలు జరిగింది. ఆ సాయంత్రం అందరూ హాల్లో కూర్చున్నారు. మర తిరుగుతోందని ఆదిమూలం గోడ అవతలి నుంచి కేక వేశాడు. రేడియోలో ఎవరో విద్వాంసుడు రాగం ఎత్తుకున్నాడు. కుముదవల్లి కళ్ళు మూసుకుని వింది. "వినపడుతోంది అక్కా."

ప్రేమానందం చేతులు తుడుచుకుంటుంటే చంద్రకాంతమ్మ ఆపింది. "ఉండప్పా. ఆయప్ప ఒట్టి మర తిప్పతా ఉండాడు. సప్పుడు వింటే తెలీలా? గింజలు పోస్తే తమ్ముడు మూలుగుతాడు. ఆ మూలుగుడులో సూడల్ల."

గింజలు నిండా పోసి తిప్పారు. నిజమే, బరువు పడగానే కొంచెం సొద తిరిగొచ్చింది. ప్రేమానందం మళ్ళీ మూత విప్పాడు. అరిగిన బొగ్గుముక్కలు మార్చి, రాగిచట్రాన్ని గరుకు కాగితంతో రుద్దాడు. అప్పుడు గింజలతోనూ తంబూరా వినపడింది. ఆ రోజు అతనికి చంద్రకాంతమ్మ ఇచ్చిన కాఫీ ఎంత చిక్కగా ఉందో, షెడ్డులో చాలా కాలం చెప్పుకున్నాడట.

మరుసటి ఎండాకాలంలో కుముదవల్లికి మద్రాసు నుంచి మళ్ళీ పిలుపు వచ్చింది. ముందురోజు సుదర్శనం అంగడికి వచ్చి, ఈసారి మెల్లగా అడిగాడు. "అంతా బాగైందనుకో. అయినా ఆ పావుగంటా మర ఆపితే నా మనసు కుదుటపడుతుందమ్మా."

"ఆపితే ఇన్నాళ్ళు చేసిందంతా దేనికి సామీ? రేపు కూడా జనం కాఫీకి వస్తారు. మీరు భయపడబాకండి. నేనొచ్చి మీ హాల్లోనే కూర్చుంటా. ఒక్క రవ్వంత తేడా వచ్చినా ఆపిస్తా."

మర్నాడు జనం పోయినసారి కంటే ఎక్కువ వచ్చారు. పగలంతా ఎండ మండిపోయింది. వచ్చిన వాళ్ళు ఉక్కపోతకు తాళలేరని సుదర్శనం ఎవరి దగ్గరో బల్లఫ్యాను ఒకటి అడిగి తెచ్చి మూలన పెట్టాడు. కుముదవల్లి పేరు చెప్పారు. తంబూరా మీటు సన్నగా, తేటగా మొదలైంది. మోహనరాగంలో మొదటి సంగతి పడిందో లేదో, చిట్, చిటచిట. జనం తలలన్నీ ఒక్కసారిగా చంద్రకాంతమ్మ వైపు తిరిగాయి.

ఆమె దిగ్గున లేచింది. గోడ మీద దబదబా గుద్దింది. ఆదిమూలం మర ఆపాడు.

చిట్. చిటచిట.

ఆమె ఊపిరి పీల్చుకుంది. "తమ్ముడు కాదు," అంది గట్టిగానే. సుదర్శనం బిరడా మీద చెయ్యి వేయబోతే వద్దని వారించింది. "పెట్టెను ముట్టుకోబాకండి. ఇంట్లో కరెంటుతో నడిచేవి ఒక్కొక్కటే ఆపండి."

కోమలవల్లి లైటు ఆర్పింది. చిటచిట పోలేదు. తర్వాత సుదర్శనమే లేచి ఫ్యాను మీట తిప్పాడు. రెక్కలు నెమ్మదించి ఆగాయి. చిటచిట ఆగిపోయింది. గోడకు పెట్టిన దాని ప్లగ్గు వదులై, లోపల రవ్వలు వేస్తోంది. ఆయన ఫ్యాను వైపు చూశాడు, చంద్రకాంతమ్మ వైపు చూశాడు, కండువాతో ముఖం తుడుచుకుని కింద కూర్చున్నాడు.

"ఆయప్పను మర ఎయ్యమనండి," అంది ఆమె.

"ఇప్పుడా?" అన్నాడు సుదర్శనం.

"ఇప్పుడే."

కోమలవల్లి గడపలోంచి కేక వేసింది. గోడ అవతల మర గింజల బరువుతో మూలుగుతూ తిరిగింది. చీకటి హాల్లో, చెమటలు కారుతున్న జనం మధ్య కుముదవల్లి గొంతు నిండుగా వచ్చింది. ఆ గొంతు వెనక తంబూరా నిలకడగా మోగుతూ ఉంది. పాట అయ్యే దాకా ఒక్కరూ కదలలేదు. చంద్రకాంతమ్మ ఆ అమ్మాయి పాటను మొదటి నుంచి చివరిదాకా వినడం అదే మొదలు. 

ఆ తర్వాత ఆ వీధిలో ఆమె మాటకు ఒక విలువ వచ్చింది. రేడియోలు ఒకటి రెండుగా పెరుగుతున్న రోజులవి. కరెంటుతో నడిచేది ఏది కొన్నా, వాడే ముందు చంద్రకాంతమ్మకు చూపించుకుపోవడం వాడుకైంది. దర్జీ గురప్ప కుట్టుమిషనుకు మోటారు పెట్టించి తెచ్చాడు. ఆమె ఒట్టిది తిప్పి ఒప్పుకోలేదు, దళసరి గుడ్డ మడతలు వేసి కుట్టమంది. రెండుసార్లు ఫెయిలై మూడోసారి పాసైంది. ప్రేమానందానికి ఆదివారాలు చేతినిండా పని.

ఆమె చేతిలో తేలని కేసు ఒకటే వచ్చింది. మునిరామయ్య అనే వైద్యుడు ఎదురింట్లో దిగి కరెంటు వైద్యం మొదలుపెట్టాడు. గాజుకడ్డీ ఒకటి ఊదారంగులో వెలుగుతూ, పట్టుకున్న చోటల్లా చిటపటమని రవ్వలు రాలుస్తుంది. కీళ్ళనొప్పులకు మంచిదని ఆయన అనేవాడు. అది వెలిగితే చాలు, వీధిలో రేడియోలన్నీ మూగబోయేవి. ఆదిమూలం మోకాలికి వైద్యం చేయించుకుని, "బలే హాయిగా ఉండాదే" అంటూ వచ్చాడు. ప్రేమానందం ఆ పెట్టెను తిరగేసి మరగేసి చూసి చేతులెత్తేశాడు. "రవ్వే దీని వైద్యం అక్కా. రవ్వ ఆపితే దీంట్లో ఏం మిగలదు."

చంద్రకాంతమ్మ స్వయంగా మునిరామయ్య దగ్గరికి వెళ్ళింది. "మీ వైద్యం మంచిదేనంట సామీ, మా ఆయప్ప సెప్పినాడు. కానీ మీ పెట్టె మా దగ్గర ఫెయిలు. మద్రాసు స్టేషను మధ్యానం పూట మూసేస్తారు. ఆ పొద్దులో మీరు ఎంత వెలిగించుకున్నా మిమ్మల్ని అడిగేవాళ్ళు లేరు. సాయంత్రం మాత్రం వద్దు."

ఆయన కాసేపు బిగుసుకున్నాడు. ఆమె లేవలేదు. లోపలి నుంచి ఆయన తల్లి, సాయంత్రం పురాణం తానూ రేడియోలో వినాలనుకుంటున్నానని అనడంతో మెత్తబడ్డాడు. అప్పటి నుంచి మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆ ఇంటి కిటికీలో ఊదారంగు వెలుగు కనిపించేది.

నలభై తొమ్మిదిలో చంద్రకాంతమ్మ తనకంటూ ఒక రేడియో కొనుక్కుంది. అంగడిలో మరకు చేరువగా, చెయ్యి చాస్తే అందేంత దూరంలో పెట్టింది. ఒక చేత్తో గింజలు పోస్తూ, రెండో చేత్తో బిరడా సవరించుకుంటూ కచేరీలు వినేది. నచ్చిన పాట వస్తే తూకం మీద పొడి కొంచెం ఎక్కువే పడేది, ఆదిమూలం చూసీ చూడనట్టు ఉండేవాడు.

ఆ వేసవిలో ఒక సాయంత్రం కొండ మీద మబ్బు పట్టింది. మెరుపు మెరిసినప్పుడల్లా రేడియోలో ఫట్, ఫట్‌మని పేలుతోంది. పొడి కోసం వచ్చిన సుదర్శనం చెయ్యి చెవికి అడ్డం పెట్టుకుని, "దీనికేం చేస్తావు చంద్రకాంతమ్మా?" అన్నాడు.

ఆమె తల బయటికి పెట్టి ఆకాశం చూసింది. "దీన్ని ఫెయిలు చేసేదానికి మన వల్ల యాడవుతుంది సామీ? ముందు పొడి తీసుకోని బిరబిరా ఇంటికి నడవండి, పెద్ద వాన వస్తా ఉండాది." అంటూ పొట్లం ఆయన చేతిలో పెట్టి, వీధిలో ఆరబెట్టిన గోనెసంచులు తేవడానికి పరుగెత్తింది.